పూలావిడ మూర

మా మనవరాలికి రెండో క్లాసులో లెక్కల హోంవర్కు ఇచ్చారు. ఇంట్లో ఉన్న భోజనాల బల్లని చేత్తో కొలిచి, ఎన్ని జానలొచ్చాయో రాసుకురమ్మన్నారు. వాళ్ళు దాన్ని జాన అనరనుకోండి, హ్యాండ్ స్పాన్ అంటారు. పిల్ల కుర్చీ ఎక్కి, నాలిక కొంచెం బయటపెట్టి, చెయ్యి చాచి చాచి కొలిచింది.

"ఇట్స్ లెవెన్, అమ్మమ్మా. నౌ యూ డూ ఇట్," అంది.

నేను కొలిస్తే ఎనిమిదొచ్చాయి. మళ్ళీ కొలవమంది. మళ్ళీ ఎనిమిదే.

"వన్ ఆఫ్ అజ్ ఈజ్ రాంగ్," అని మూతి ముడుచుకుంది. "హూ ఈజ్ రైట్?"

దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి ముక్క రాదు. నేను తెలుగులోనే చెప్పాను. "నీ చేత్తో పదకొండు. నా చేత్తో ఎనిమిది. ఇద్దరివీ రాయి. పక్కన ఎవరి చెయ్యో కూడా రాయి."

అలా ఎలా కుదురుతుందని అది నన్ను అనుమానంగా చూసింది. ఆ మాట నాది కాదు, మా మూడో తరగతి మాస్టారిది. ఇన్నేళ్ళ తరవాత, దేశంకాని దేశంలో ఈ టూంగాబీ ఇంట్లో, వంటింటి పక్క బల్ల దగ్గర, నా నోటివెంట తడుముకోకుండా వచ్చేసింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ, ముందు డార్విన్‌లో, తరవాత ఇక్కడ, ఆసుపత్రుల ల్యాబుల్లో రక్తం చుక్కల్ని మిషన్లతో కొలిచినదాన్ని. చేత్తో కొలవడం మర్చిపోయాననే అనుకున్నాను.

ఫ్రిజ్ తెరిస్తే మల్లెపూల ప్యాకెట్టు కనిపించింది. మర్నాడు ఆదివారం హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్దామని మా అమ్మాయి ఇండియన్ షాపులో కొనిపెట్టింది. ప్లాస్టిక్ డబ్బాలో పాపం పూలు ముడుచుకుని ఉన్నాయి. మూత తీసి వాసన చూశాను. చల్లదనం వాసన ముందొచ్చింది, చాలాసేపటికి ఎక్కడో అడుగునుంచి మల్లె వాసన వచ్చింది. దాంతో పాటు ఆ వేసవి కూడా వచ్చేసింది, ఇంక ఆపడం నా వల్ల కాలేదు.

మాది ఏలూరు వైపు చిన్న ఊరు. మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. కొట్లోకి అడుగుపెడితే కొత్త బట్టల గంజి వాసన, కలరా ఉండల వాసన, గల్లాపెట్టె మీద వెలిగించిన అగరొత్తుల వాసన కలిసి ఒక్కసారిగా మీదపడేవి. మా నాన్న ఇనప బద్దతో గుడ్డ కొలిచి కత్తిరిస్తుంటే ఆ చప్పుడు వినడానికి నేను అక్కడే తిరుగుతుండేదాన్ని. 'షావుకారు గారి కొలతంటే కొలతే' అని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆ కొలతేదో నేనే కనిపెట్టినట్టు పొంగిపోయేదాన్ని. చిన్నప్పట్నించీ నాకు గొప్పలు ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

మా బడి రెండు గదుల పెంకుటిల్లు, ముందు పొడుగాటి వరండా. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మా మాస్టారు బక్కపల్చటి మనిషి, ముక్కుపొడుం అలవాటు. ఆయన పాఠం చెబుతూ తుమ్మితే ముందు వరసలో వాళ్ళం పలకలు అడ్డం పెట్టుకునేవాళ్ళం. పుస్తకంలో మీటర్లు, సెంటీమీటర్లు ఉండేవి. ఆయన పుస్తకం మూసేసి అడిగారు.

"మీటరు బద్ద మీ ఇంట్లో ఉందా?"

నేనొక్కదాన్నే చెయ్యెత్తాను.

"నువ్వు దించు. మిగిలినవాళ్ళ ఇళ్ళల్లో లేదు కదా. చెయ్యుందా? ఉంది. ముందు ఉన్నదాంతో కొలవండర్రా. లేనిదాని సంగతి తరవాత చూద్దాం."

నాలుగు వేళ్ళు దగ్గరపెడితే బెత్తెడు, మూడు బెత్తెలు జానెడు, రెండు జానలు మూరెడు, నాలుగు మూరలు బారెడు. రాగం తీసి చెప్పించేవారు. బారెడు అన్నప్పుడు అందరం చేతులు బార్లా చాపాలి. చాపితే పక్కవాడి మొహానికి తగిలేది. తగలాలనే చాపేవాళ్ళం.

నా పక్కన కూర్చునేది పూలావిడ కూతురు. మా వీధిలో సాయంత్రం పూలమ్మే ఆవిడ కూతురన్నమాట. సన్నగా, నల్లగా, చింతగింజల్లాంటి కళ్ళతో ఉండేది. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. రోజూ పొద్దున బుట్టలో మిగిలిన మల్లెలో, మరువం రెమ్మో అరటిదొప్పలో చుట్టి పరికిణీ బొడ్లో దోపుకుని తెచ్చేది. గంట కొట్టేలోపు నా జడలో తురిమేది. నేను బదులుగా మా కొట్లో కత్తిరింపు ముక్కలు, రంగురంగులవి, తెచ్చి ఇచ్చేదాన్ని. వాటితో అది బొమ్మలకి చీరలు కట్టేది. మధ్యాహ్నం ఇంటికి పోతూ దారిలో చింతచిగురు కోసి, ఉప్పు అద్దుకుని తినేవాళ్ళం. ఆ పులుపుకి ఒక కన్ను మూసుకుపోతే రెండో కన్నుతో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వేవాళ్ళం. అలాంటి నవ్వు నాకు మళ్ళీ ఎవరితోనూ రాలేదు. అంత దగ్గరితనమూ మళ్ళీ ఎవరితోనూ కుదరలేదు, పెళ్ళయ్యాక మా ఆయనతో సహా.

ఒకరోజు మాస్టారు వరండాని అందరిచేతా మూరల్లో కొలిపించారు. ఒకడికి ఇరవై అయిదు, ఒకడికి ఇరవై ఆరు. పూలావిడ కూతురికి ఇరవై ఏడు, నాకూ ఇరవై ఏడే. మోచెయ్యికి మోచెయ్యి ఆనించి చూసుకున్నాం. వేలి చివరలు సరిగ్గా కలిశాయి. చివర్లో మాస్టారు పంచె ఎగ్గట్టి తనే వంగి కొలిచారు. పందొమ్మిది వచ్చాయి.

"ఎవరిది రైటండీ?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

ఆయన నల్లబల్ల మీద అందరి అంకెలూ రాసి, పక్కన అందరి పేర్లూ రాశారు. "ఎవరి మూర వాళ్ళది. అన్నీ రైటే. కొలిచినప్పుడు ఎవరి చెయ్యో చెప్పాలి, అంతే," అన్నారు. తరవాత మా ఇద్దర్నీ చూసి, "వీళ్ళలో ఒకళ్ళు బడికి రాకపోతే రెండోవాళ్ళు కొలిచినా సరిపోద్ది," అన్నారు. ఆ పూటంతా మేం చేతులు వదల్లేదు.

ఆ వారం ఊళ్ళో మేం కొలవనిది లేదు. చెరుకు ముక్కలు, అప్పడాలు, గేదె తోక, నిద్రపోతున్న తాతగారి మీసం. మాస్టారి పంచె దండెం మీద ఆరేసి ఉంటే అది కూడా కొలిచాం. చేతులకి మామిడికాయ జీడి, మట్టి. తెల్లటి పంచె మీద మూర మూరకీ అయిదు వేళ్ళ ముద్ర పడింది. మర్నాడు ఆయన దాన్నే కట్టుకొచ్చి, "కొలత సరిపోయింది, పంచె పోయింది," అన్నారు. తిడతారనుకుంటే అదే తిట్టు.

పాఠం అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నేను ఆగలేదు. అన్నీ రైటే అంటే నాకు మింగుడుపడలేదు. మా నాన్న కొలత కూడా అందరి కొలతల్లాంటిదేనా? కొట్టు వెనక గదిలో పాత ఇనప గజం బద్ద ఒకటి పడుండేది, మీటర్లు వచ్చాక మూలపడింది. గజానికి రెండు మూరలని నాకు తెలుసు. ఒక వెదురుబద్ద తెచ్చి, ఆ గజంలో సగానికి సరిపెట్టి, కత్తిపీట మీద కోసి, చివర్లు గచ్చు మీద అరగదీశాను. అసలైన మూర నా చేతిలోకి వచ్చేసిందనుకున్నాను.

సాయంత్రం నాలుగున్నరకి పూలావిడ వచ్చేది. ఆమె రాకముందే వాసన వచ్చేది. ఆడవాళ్ళందరూ తలలు దువ్వుకుని, మొహాలు కడుక్కుని, మా అరుగు మీద చేరేవాళ్ళు. ఆమె బుట్ట దించి, తడిగుడ్డ తొలగించి, దండ కొస మధ్యవేలికి ఆనించి మోచేతిదాకా పరిచేది. అక్కడితో తెంపేది కాదు. ఇంకో నాలుగు వేళ్ళు వదిలి అప్పుడు నార తెంపేది. ఆ నాలుగు వేళ్ళూ కొసరు. "అత్తా, కొసరు" అని రోజూ చెయ్యి చాపేది నేనే. ఆమె నవ్వుతూ నాకు ఇంకో రెండు మొగ్గలు ఎక్కువే వేసేది. "మా అమ్మాయి సావాసగత్తెవి కదా" అనేది.

ఆ రోజు ఆమె దండ మోచేతిదాకా పరవగానే, "ఆగు అత్తా," అన్నాను.

ఆగింది. నేను ఆరిందాలా నా వెదురుబద్ద తీసి ఆమె చేతి మీద పెట్టాను. ఆమె పొట్టి మనిషి, చేతులూ పొట్టివే. బద్ద మోచెయ్యి దాటి మూడు వేళ్ళ మేర బయటికి వచ్చింది.



"ఇదేవిటే, మూడు వేళ్ళు తక్కువుందీ?" అంది ఒకావిడ.

"ఎన్నాళ్ళనించి ఇలా కొలుస్తున్నావు?" అంది ఇంకొకావిడ.

"షావుకారు గారి పిల్ల కాబట్టి కనిపెట్టింది," అని మా పక్కింటి పిన్నిగారు నా నెత్తి నిమిరింది. పిన్నిగారికి అప్పుడు పాతికేళ్ళుంటాయి, కొత్తగా కాపరానికొచ్చింది. ఆవిడంటే నాకు మహా ఇష్టం. ఆవిడ మెచ్చుకుంటే నాకు ఒళ్ళు తెలియలేదు.

పూలావిడ కోప్పడలేదు. "నా చెయ్యి ఇంతేనమ్మా," అంది. తరవాత నా వైపు తిరిగింది. "పాపకి తెలుసు. పాపని అడగండి."

అందరూ నన్ను చూశారు. నాకు తెలుసు. రోజూ కొసరు అడుక్కునేదాన్ని నేను, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మూడు వేళ్ళు తక్కువ, నాలుగు వేళ్ళు కొసరు. లెక్క అక్కడికక్కడే తేలిపోయింది కూడా. మాకు ఆమె రోజూ ఒక వేలెడు ఎక్కువే ఇస్తోంది. పిన్నిగారి చెయ్యి ఇంకా నా నెత్తి మీదే ఉంది.

"మా నాన్న గజంతో కొలిచి కోశాను. ఇందులో తప్పుండదు," అన్నాను.

ఆమె ఇంక నన్ను చూడలేదు. చెయ్యి చాపి బద్ద ఇమ్మంది. ఇచ్చాను. ఆ రోజు నుంచి ఆ బద్దతోనే కొలిచి, దాని చివరకి సరిగ్గా తెంపేది. కొసరు లేదు. ఎవరూ అడగలేదు. నేనూ చెయ్యి చాపలేదు.

మర్నాడు బడిలో పూలావిడ కూతురు నా పక్కనే కూర్చుంది. వేరే చోటికి పోలేదు, కొట్లాడలేదు, ఎవరికీ చెప్పలేదు. నా జడలో పూలు మాత్రం పెట్టలేదు. నేను జరీ అంచు ముక్క ఒకటి, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వనిది, దాని ఒళ్ళో పెట్టాను. తీసి జాగ్రత్తగా మడిచి నా సంచిలో పెట్టింది. విసిరికొట్టినా బాగుండేదేమో, నేనూ నాలుగు మాటలని ఏడ్చేదాన్ని.

రెండు రోజులకి మాస్టారికి తెలిసింది. చిన్న ఊరు, ఏదీ ఆగదు. బడి వదిలాక నన్ను ఉండమన్నారు. పొడుం డబ్బా తీశారు గానీ పీల్చలేదు.

"ఎవరి చెయ్యో చెప్పమన్నాను. ఆ చెయ్యి దొంగదని తీర్పు చెప్పమన్నానా?"

ఆయన డబ్బా మూత పెట్టేశారు.

"కొసరు సంగతి నీకు తెలుసా, తెలీదా?"

"తెలుసండీ."

"అయితే వెళ్ళి చెప్పు," అన్నారు. ఎవరికి చెప్పాలో అనలేదు. అది నాకు వదిలేశారు. నేను నాకు తేలికైనవాళ్ళని ఎంచుకున్నాను.

పూలావిడ వాళ్ళ ఇల్లు కాలవ గట్టున ఉండేది. తాటాకుల కప్పు, ముందు పందిరి, పందిరి కింద చాప మీద తెల్లగా మొగ్గలు పోసి ఉన్నాయి. ఇల్లంతా మల్లె వాసన, దాని వెనకే ఎక్కడో చేపల పులుసు వాసన. కూతురు గోడవైపు తిరిగి మాల కడుతోంది. నేను వచ్చానని తెలుసు. వీపు కొంచెం బిగుసుకుంది, చేతులు ఆగలేదు.

పూలావిడ నన్ను లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, రెండు తాటిముంజలు ఒలిచి చేతిలో పెట్టింది. మా ఇంట్లో తెలిస్తే తిడతారేమోనని కూడా అడిగింది. నేను ముంజలు పట్టుకునే ఏడ్చాను. కొసరు సంగతి నాకు తెలుసనీ, కావాలనే చెప్పలేదనీ వెక్కుతూ చెప్పాను.

ఆమె కొంగుతో నా మొహం తుడిచింది. "నాకు తెలిసిందే నాకు చెబితే ఏం లాభం పాపా? అరుగు మీద అన్నావు. అరుగు మీదే చెప్పు."

"చెప్తాను అత్తా," అన్నాను.

అప్పుడు మాత్రం అది కట్టడం ఆపింది. తిరిగి చూడలేదు గానీ వేళ్ళు ఆగాయి. నేను చెప్పే దాకా తను మాట్లాడదని, చెబితే మాట్లాడుతుందని నాకు అర్థమైంది. ఆ ఒక్క మాట మీద మా స్నేహమంతా నిలబడి ఉంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. ఆమె వచ్చింది, బద్దతో కొలిచింది, వెళ్ళింది. గొంతు దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. మర్నాడూ అంతే. అందరి ముందూ అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి, పిన్నిగారి ముందు తలొంచుకోవాలి. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే బడి మూసేశారు. సెలవులకి నన్ను మా అమ్మమ్మగారింటికి పంపారు. అక్కడ ఆవకాయ ముక్కలు తుడవడం, రాత్రి డాబా మీద నీళ్ళు చల్లి పడుకోవడం, మేనమామ పిల్లలతో ఆటలు, అన్నీ బాగానే ఉన్నాయి. మల్లెపూలు వద్దంటే మాత్రం మా అమ్మమ్మ దిష్టి తగిలిందేమోనని ఉప్పు తిప్పింది.

వచ్చేసరికి వాళ్ళు ఊళ్ళో లేరు. పూలావిడ పుట్టిల్లు ఎక్కడో భీమవరం దగ్గరట, అక్కడికి వెళ్ళిపోయారన్నారు. కారణం ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు. బడి తెరిచిన రోజు మాస్టారు హాజరు పిలుస్తూ దాని పేరు దగ్గర ఆగి, నా వైపు చూసి, తరవాతి పేరు పిలిచారు. వరండా మళ్ళీ ఎప్పుడూ నేను కొలవలేదు.

ఇదంతా మనవరాలికి ఏం చెప్పను? దాని హోంవర్కు అయిపోయింది, టీవీ దగ్గరికి పోయింది. నాకు మాత్రం ఉండబట్టలేదు. అరుగు మీది వాళ్ళలో ఇప్పుడు మిగిలింది పిన్నిగారొక్కరే. విజయవాడలో కొడుకు దగ్గర ఉంటున్నారు, తొంభై దగ్గర పడింది. పండగలకి పలకరిస్తుంటాను. ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంట, అక్కడ ఆవిడ కాఫీ తాగే వేళ. ఫోన్ చేశాను.

కుశల ప్రశ్నలయ్యాక అడిగాను. "పిన్నిగారూ, మన వీధిలో పూలమ్మే ఆవిడ గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదే. పొట్టిది. దాని కూతురు నీతోనే చదివేది."

"ఆవిడ కొలత తక్కువ కాదు పిన్నిగారూ. నాలుగు వేళ్ళు కొసరు వేసేది. అది కలిపితే మనకి ఎక్కువే వచ్చేది. నాకు ఆ రోజే తెలుసు. మీ అందరి ముందూ చెప్పలేకపోయాను."

అవతల కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది. 

"ఆ సంగతి మాకూ తెలుసే," అంది పిన్నిగారు.

"ఎప్పుడు?"

"మర్నాడే. బద్దతో కోసిన పూలు ఇంటికి తీసుకెళ్ళి ముడుచుకుంటే చుట్టు సరిపోలేదు. మా అత్తగారికి తెలిసింది, ఎదురింటావిడకి తెలిసింది. ఎవరి ఇంట్లో వాళ్ళం అనుకున్నాం. అంత మాట అనేసి, మళ్ళీ కొసరెయ్యవే అని ఎలా అడుగుతాం? మొహం చెల్లలేదు. చిన్నపిల్లవి, నీకేం తెలుస్తుందిలే అనుకున్నాం."

తరవాత ఆవిడ మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. ఊ కొట్టాను. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ కుర్చీలోనే ఉన్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట నా ఒక్కదాని గొంతులోనే ఉందనుకున్నాను. వీధి వీధంతా అదే మాట దాచుకుని, ఆ వేసవిలో పూలావిడ ఎదురుగా వరసగా కూర్చుని పూలు కొనుక్కున్నాం. అందరికీ తెలుసని ఆవిడకి ఒక్కరమూ చెప్పలేదు.